పేరు తెలియని చౌక చేప పెనం మీద ముద్దయిపోతే

ప్రశ్న:

నాకు చేపలు వండటం బాగానే వచ్చు, ఇంట్లో అందరూ ఇష్టంగా తింటారు కూడా. మొన్న ఎప్పుడూ కొనే రకం దొరకలేదు. పక్కనే చర్మం తీసేసిన తెల్లటి ముక్కలు, గట్టిగా మంచు కట్టిన పాకెట్లు, సగం కంటే తక్కువ ధరకే ఉన్నాయి. ఆ పేరు అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. చేపే కదా అని రెండు పాకెట్లు తెచ్చాను. ఆ రాత్రి భోజనానికి నలుగురిని పిలిచాం. మంచు త్వరగా వదలాలని గోరువెచ్చటి నీళ్ళలో వేసి, ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉంచాను. పెనం మీద వేశానో లేదో నీళ్ళు ఊరడం మొదలైంది. తిప్పబోతే గరిటెకు ముద్దలా వచ్చింది. మిగతా ముక్కలన్నా దక్కుతాయేమోనని కూరలో వేస్తే అందులో కలిసిపోయాయి, పైగా ఒకలాంటి వాసన. ఎవరూ ఏమీ అనలేదు, అందరూ కాస్త కాస్త తిని పక్కన పెట్టేశారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు చేపదా, నాదా? రెండో పాకెట్ ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది, పారేయమంటారా? ఇకమీదట చౌక చేపల జోలికే వెళ్ళకూడదా?

సమాధానం:

ముందుగా ఆ రెండో పాకెట్‌ని పారేయకండి. అసలేం జరిగిందో మీకు చెప్పగలిగేది అదొక్కటే, దాన్ని ఎలా వాడాలో కింద వివరంగా రాస్తాను. నిద్ర పట్టలేదని రాశారు కదా, అది చదివితే బాధేసింది. ఇంటికి పిలిచిన వాళ్ళ ముందు వంట చెడిపోతే ఎలా ఉంటుందో వండేవాళ్ళకే తెలుసు. ఎవరైనా ఏదో ఒకటి అనేస్తే పోయేది, అందరూ మర్యాదకి నోరు మెదపకుండా తినడమే ఎక్కువ గుచ్చుకుంటుంది. కానీ మీ ఉత్తరం రెండుమూడు సార్లు చదివాక నాకనిపించింది ఇది: మీకు వంట రాక కాదు, ఆ చేప పాడైపోయినదీ కాకపోవచ్చు. మీకు బాగా అలవాటైన పద్ధతి ఒక రకం కండకి సరిపోయేది, ఆ పాకెట్‌లో ఉన్నది ఇంకో రకం కండ. ఈ రెండిటికీ పొత్తు కుదరలేదు. మాంసమైతే ఏ ముక్కకి ఎంతసేపు ఉడకాలో చూసుకుంటాం, చేప అనేసరికి ఎందుకో అన్నీ ఒకటే అనుకుంటాం. నిజానికి చేపల్లో ఉన్నంత తేడా కోడికీ మేకకీ మధ్య కూడా ఉండదు.

మీరు మూడు ఆనవాళ్ళు రాశారు: నీళ్ళు ఊరడం, ముద్దవడం, వాసన. ఈ మూడూ ఒకే తప్పు వల్ల వచ్చినవి కావు, అందుకే విడివిడిగా చూద్దాం.

నీళ్ళ సంగతి తేలిక. చేపని నెమ్మదిగా గడ్డకట్టిస్తే కండలోని నీరు పెద్ద పెద్ద మంచు పలుకులుగా మారి కణాల గోడల్ని చీలుస్తుంది, తర్వాత మంచు కరిగినప్పుడు ఆ నీరు మళ్ళీ లోపలికి ఇంకదు, బయటికే కారుతుంది. దారిలో ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన పాకెట్ అయితే ఇంకా ఎక్కువ కారుతుంది. దీనికితోడు ముక్క ఆరిపోకుండా పైన పల్చటి మంచు పొర పూస్తారు, అది మామూలు పద్ధతే, తప్పేమీ లేదు. కొన్ని చౌక పాకెట్లలో మాత్రం కండ నీరు పట్టుకుని ఉండేలా ఫాస్ఫేట్లు కలిపిన నీళ్ళలో నానబెడతారు. అలాంటి ముక్క చూడటానికి ఉబ్బి, గాజులా మెరుస్తూ ఉంటుంది, వేడి తగలగానే ఆ నీళ్ళన్నీ వదిలేసి చిక్కిపోతుంది, నోట్లో స్పాంజిలా, ఒక్కోసారి కొంచెం సబ్బు రుచితో తగులుతుంది. పాకెట్ వెనక పదార్థాల జాబితాలో చేప ఒక్కటే రాసి ఉందా, ఇంకేమైనా ఉందా చూడండి. దాని మీద మీరు గోరువెచ్చటి నీళ్ళలో వేశారు, గంటల తరబడి ఉప్పు పట్టించి ఉంచారు, ఉప్పు ఇంకొంచెం నీటిని బయటికి లాగింది. ఆ తడితోనే పెనం మీదికి వెళ్ళాయి ముక్కలు. పెనం మీద నీళ్ళున్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు, ముక్క ఎర్రగా కాలాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. అంటే అక్కడ జరిగింది వేగడం కాదు, తన నీళ్ళలో తను ఉడకడం.

ఇక ముద్దవడం. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే, కాబట్టి కాసేపు దీని దగ్గరే ఆగుదాం.

చేప కండ ఎలా ఉంటుందో ఉడికిన ముక్కని వేలితో విప్పి చూస్తే అర్థమవుతుంది. రేకులు రేకులుగా విడివడుతుంది. ఒక్కో రేకు ఒక్కో పొట్టి కండ, రేకుకీ రేకుకీ మధ్య పల్చటి పొర ఉంటుంది, ఆ పొరే వాటిని కలిపి ఉంచుతుంది. నీళ్ళలో తేలుతూ బతికే జీవి కాబట్టి బరువు మోయాల్సిన పని లేదు, అందుకే భూమ్మీద నడిచే జంతువుల మాంసంతో పోలిస్తే చేపలో ఈ గట్టి పొరలు చాలా తక్కువ, పైగా చాలా తక్కువ వేడికే కరిగిపోతాయి. చేప త్వరగా ఉడకడానికీ, తేలిగ్గా విరగడానికీ కారణం అదే. చర్మం ఉంటే విరగకుండా అదొక పట్టీలా కాపాడుతుంది. మీ ముక్కలకి ఆ చర్మం కూడా లేదు.

ఇప్పుడు నిమ్మరసం. పులుపు తగిలితే చేప కండ నిప్పు లేకుండానే ఉడికినట్టు మారిపోతుంది, పచ్చి ముక్క మీద పిండి అరగంట ఆగితే అంచులు తెల్లగా మారడం మీరూ చూసే ఉంటారు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉంచితే పై పొరలన్నీ అలాగే మారి, పొడిపొడిగా రాలే స్థితికి వస్తాయి. దాన్ని మళ్ళీ పెనం మీద పెడితే రెండోసారి ఉడికించినట్టే. మీరెప్పుడూ కొనే చేప గట్టిది కాబట్టి ఇంతకాలం ఆ నిమ్మరసాన్ని తట్టుకుంది. నేనైతే ఏ చేపకైనా పులుపు వండే ముందు పది పదిహేను నిమిషాలకి మించి ఉంచను, మెత్తటి చేపకి అసలు దించాకే పిండుతాను.

అయితే పులుపు ఒక్కటే ఇంత చేస్తుందా అంటే, చేయదు. కూరలో కలిసిపోయాయని రాశారు చూడండి, అక్కడే నాకు అనుమానం వచ్చింది. కొన్ని చేపలకి పుట్టుకతోనే ఒక గుణం ఉంటుంది, వాటి కండలో ప్రోటీన్‌ని కరిగించే ఎంజైములు ఎక్కువ. చేప బతికున్నంతకాలం వాటితో ఇబ్బంది లేదు. చచ్చాక, ముఖ్యంగా మెల్లగా వేడెక్కుతున్నప్పుడు, 50 నుంచి 60 డిగ్రీల దగ్గర అవి విజృంభించి కండని లోపల్నుంచి గుజ్జు చేసేస్తాయి. ఉత్తర పసిఫిక్ సముద్రంలో యారోటూత్ ఫ్లౌండర్ అని ఒక చేప కుప్పలు తెప్పలుగా దొరుకుతుంది, పచ్చిగా చూస్తే చక్కటి తెల్లటి కండ, వండితే జావ. అంత విరివిగా దొరికినా చాలాకాలం దాన్ని కొనేవాళ్ళు లేకపోవడానికి కారణం అదే. పసిఫిక్ హేక్ అనే ఇంకో చేపలో, కుడోవా అనే కంటికి కనపడని పరాన్నజీవి కండలో చేరి ఇదే పని చేస్తుంది. వండితే ఆ జీవి చచ్చిపోతుంది, తిన్నవాళ్ళకి ప్రమాదం లేదు, కండ మాత్రం అప్పటికే మెత్తబడి ఉంటుంది. మీరు తెచ్చింది వీటిలో ఒకటని నేననను, చూడకుండా ఎలా అంటాను? కానీ ఆ జాతి గుణం ఉన్న చేప అయితే మీ పెనం దానికి సరిగ్గా పనికొచ్చే పరిస్థితి కల్పించింది. పెనం నిండా తడి ముక్కలు పేర్చడంతో వేడి పడిపోయింది, 50, 60 డిగ్రీల దగ్గర చాలాసేపు నానింది, ఎంజైములకి కావలసినంత సమయం దొరికింది. ఇలాంటి చేపని బాగా కాగిన నూనెలో పల్చటి ముక్కలుగా వేసి గబగబా వేయించేస్తే ఆ దశ చప్పున దాటిపోతుంది, చాలావరకు బాగానే వస్తుంది.

ఏది కారణమో మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఉడికిన ముక్కని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి మెల్లగా నొక్కండి. రేకులుగా జారి విడివడితే కండ బాగున్నట్టు. పొడిపొడిగా, ఇసుకలా రాలితే పులుపో, ఎక్కువసేపు ఉడకడమో కారణం. వెన్నలా వేళ్ళకి పూసుకుంటే అది చేప గుణం, మీరు ఎంత జాగ్రత్తగా తిప్పినా ఆ ముక్క నిలిచేది కాదు.

మూడోది వాసన. ఒకలాంటి వాసన అని వదిలేశారు, కానీ ఎలాంటిదో తెలిస్తే సగం సమాధానం దొరికినట్టే. సముద్రపు చేపల కండలో ఉప్పునీళ్ళని తట్టుకోవడానికి ఒక పదార్థం ఉంటుంది, దానికి వాసన లేదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమీన్‌గా మారుస్తుంది, నీచు వాసన అంటే అదే. ఎక్కువభాగం ముక్క పైపైనే ఉంటుంది కాబట్టి వండబోయే ముందు చల్లటి నీళ్ళతో ఒకసారి కడిగి వెంటనే తుడిచేస్తే చాలా తగ్గుతుంది. పులుపు తగిలితే అది గాలిలోకి లేవకుండా కట్టుబడిపోతుంది, చేపకీ పులుపుకీ అంత స్నేహం ఉండటానికి కారణం ఇదే. అలాకాక మట్టి వాసన, తడి నేల వాసన వచ్చిందా? అయితే అది చెరువు చేప. నీళ్ళలో పెరిగే నాచులాంటి జీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని వదులుతాయి, అది చేప కండలో చేరుతుంది. తొలకరి వానకి నేల నుంచి లేచే వాసన కూడా దాని వల్లే. మన ముక్కు దాన్ని చాలా అంటే చాలా కొద్దిపాటి మోతాదులో కూడా పట్టేస్తుంది. పాడైన గుర్తు కాదు, పులుపుకి అది కూడా లొంగుతుంది, చర్మం, పొట్ట దగ్గరి కొవ్వు తీసేస్తే ఇంకా తగ్గుతుంది. పాత నూనె వాసన వస్తే ఫ్రీజర్‌లో చాలాకాలం ఉండి కొవ్వు కాటు పట్టిందని అర్థం, దానికి మందు లేదు. ముక్కుపుటాలు అదిరేలా అమ్మోనియా ఘాటు వస్తే రెండు దారులు: సొర చేప, దాని బంధువులైతే వాటి కండలో యూరియా ఉంటుంది, నిలవ ఉన్నకొద్దీ అది అమ్మోనియా అవుతుంది. వేరే చేప అయితే కుళ్ళు మొదలైనట్టే. ఏదైనా నేను మాత్రం తినను, మీరూ తినకండి.

వాసనతో పాటు చేదు కూడా తగిలి ఉంటే కారణం వేరు. మొత్తం చేపని శుభ్రం చేసేటప్పుడు చేదుకట్టు చితికితే ఆ పసరు తగిలిన చోటల్లా చేదెక్కుతుంది. పొట్ట లోపలి నల్లటి పొర, వెన్నుముల్లు పొడవునా గడ్డకట్టిన రక్తపు గీత తీయకపోయినా ఘాటు వాసన వస్తుంది. మీరు తెచ్చింది ముక్కలు కాబట్టి ఇది మీకు వర్తించకపోవచ్చు, కానీ రేపు ఎప్పుడైనా తెలియని చేప మొత్తంగా కొంటే ముందు చూడాల్సింది పొట్ట లోపలే. బొటనవేలి గోటితో ఆ రక్తపు గీత మీద గీరుతూ నీళ్ళు పోస్తే శుభ్రంగా వచ్చేస్తుంది.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది రుచి సంగతి కాదు. చేప తింటుంటే నాలుక మీద మిరియంలా చురుక్కుమంటే, తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి వేడెక్కి తలనొప్పి వస్తే, అది హిస్టమిన్ అనే హానికరమైన పదార్థం వల్ల. ట్యూనా, కానాగంత, సార్డిన్ లాంటి చేపలు చల్లదనం లేకుండా ఉండిపోతే అది తయారవుతుంది, ఎంత ఉడికించినా, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టినా పోదు. వెంటనే తినడం ఆపేయాలి, ఊపిరి ఆడకపోయినా, వాపు వచ్చినా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఇంకొకటి, ఎస్కోలార్, ఆయిల్‌ఫిష్ అనే రెండు చేపలున్నాయి. తెల్లగా, వెన్నలా, బ్రహ్మాండమైన రుచి, కానీ వాటి కొవ్వు మన కడుపుకి అరగని మైనం లాంటిది, కాస్త ఎక్కువ తింటే నూనె విరేచనాలు. జపాన్ వీటి అమ్మకాన్ని ఎప్పుడో ఆపేసింది. అయినా కొన్నిచోట్ల ఇవి వేరే వేరే పేర్లతో అమ్ముడవుతుంటాయి. తెలియని పేరుతో మరీ నున్నటి, కొవ్వు తేలే తెల్ల చేప చౌకగా దొరికితే ఇది గుర్తుంచుకోండి. ఆ రాత్రి తిన్నవాళ్ళెవరికీ ఏమీ కాలేదనే అనుకుంటున్నాను, మీరు రాయలేదు కాబట్టి.

ఇప్పుడు ఫ్రీజర్‌లో ఉన్న పాకెట్. రేపు వండాలంటే ఈ రాత్రే ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. గాలి తీసేసి సీల్ చేసిన పాకెట్ అయితే తప్పకుండా కత్తిరించి తెరిచి పెట్టండి. గాలి లేని చోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగే ఒక ప్రమాదకరమైన బాక్టీరియా చేపల్లో ఉండొచ్చు, ఆ పాకెట్‌లోకి గాలి వెళ్ళనివ్వడమే దానికి అడ్డుకట్ట. కింద పళ్ళెం, దాని మీద చిల్లుల గిన్నె పెట్టి అందులో ముక్కలు పరిస్తే కారిన నీళ్ళలో నానకుండా ఉంటాయి. తెల్లారాక ఆ పళ్ళెంలో ఎన్ని నీళ్ళు చేరాయో చూడండి, గిన్నెడు నీళ్ళుంటే మీ పెనం ఎందుకు మునిగిందో అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత లీటరు చల్లటి నీళ్ళలో 50 గ్రాముల ఉప్పు కరిగించి ముక్కల్ని పదిహేను నిమిషాలు ఉంచండి, అంతకంటే ఎక్కువ వద్దు. గంటల తరబడి పొడి ఉప్పు పట్టించడానికీ దీనికీ తేడా ఉంది. కొద్దిసేపు ఉప్పునీళ్ళలో ఉంటే పై కండ కాస్త బిగుసుకుంటుంది, వేడికి తన నీరు తను పట్టుకోగలుగుతుంది, ఉడికేటప్పుడు పైకి వచ్చే తెల్లటి నురగ లాంటి పదార్థం కూడా తగ్గుతుంది. తీసి టిష్యూతోనో శుభ్రమైన బట్టతోనో రెండు వైపులా ఒత్తి తుడవండి. ఒకసారి తుడిచి సరిపెట్టుకోకండి, బట్ట మార్చి మళ్ళీ తుడవండి, వేలు పెడితే తడి తగలకూడదు.

అప్పుడు అన్నీ వండేయకండి. ఒకే ఒక్క చిన్న ముక్క కోసి, బాగా కాగిన పెనం మీద కొంచెం నూనెతో, ఏ మసాలా లేకుండా వేయించండి. వేశాక కదపొద్దు. కింది వైపు పొర కట్టాక అదే పెనాన్ని వదులుతుంది, అప్పుడే తిప్పాలి. దించి, వాసన చూసి, వేళ్ళతో నొక్కి, తిని చూడండి. తెలియని చేప దేనికైనా నేను చెప్పేది ఇదే, మసాలా కలపడానికి ముందే ఆ చేపని ఒక్కసారి ఒంటరిగా రుచి చూడాలి. అయిదు నిమిషాల పని. మీరు అదే రోజు మధ్యాహ్నం ఈ పని చేసి ఉంటే ముక్క వేలికి పూసుకోవడం అప్పుడే చూసేవారు, వేరే ఏదైనా వండేవారు.

రేకులుగా విడివడిందా, ఇక మీ ఇష్టం, పెనం మీద తక్కువ ముక్కలు, మధ్య మధ్య ఖాళీ ఉంచి వేయించుకోండి, లేదా కూర పూర్తిగా ఉడికాక, మంట తగ్గించి చివర్లో ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. రెండున్నర సెంటీమీటర్ల మందానికి పది నిమిషాల వేడి అనేది ఒక పాత లెక్క, నేను దానికి ఒకటి రెండు నిమిషాలు ముందే చూడటం మొదలుపెడతాను. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 63 డిగ్రీలు వస్తే సరిపోతుంది, లేకపోతే కత్తిమొన గుచ్చి చూస్తే లోపలి కండ గాజులా ఉండటం మానేసి తెల్లబడి, తేలిగ్గా విడివడాలి.

కొంచెం మెత్తగా ఉండి, అయినా విడివడుతుంటే తిప్పే పని పెట్టుకోకండి. ఆకులోనో అల్యూమినియం రేకులోనో చుట్టి ఆవిరి మీద పెట్టండి, లేదా ఓవెన్‌లో అదే పళ్ళెంలో ఉడికించి అదే పళ్ళెంతో వడ్డించండి. పైన పిండి జారు పూసి కాగే నూనెలో వేయించడం ఇంకో దారి, నూనె 180 డిగ్రీల దాకా కాగి ఉండాలి, ముక్కలు పల్చగా ఉండాలి. పై పిండి గట్టిపడి లోపలి మెత్తదనాన్ని పట్టి ఉంచుతుంది, అప్పుడు ఆ మెత్తదనమే రుచి.

పూర్తిగా పూసుకుపోయే రకమే అయితే ముక్కలుగా తినాలనే ఆశ వదిలేయండి. ఉడికించి, నీళ్ళు పిండేసి, ఉడికిన బంగాళాదుంప, గుడ్డు తెల్లసొన కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, మీకు నచ్చిన మసాలా వేసి బిళ్ళలుగా తట్టి కాల్చండి. ఈ జోడీ ఊరికే చెప్పలేదు. మెత్తటి హేక్ చేపతో సురిమి, అంటే రుబ్బిన చేప కండ ముద్ద, తయారుచేసే ఫ్యాక్టరీల్లో కూడా ఆ ఎంజైముల్ని అణచడానికి గుడ్డు తెల్లసొన, బంగాళాదుంప సారం వాడుతుంటారు. పెద్ద పెద్ద యంత్రాలున్న వాళ్ళు కూడా ఈ చేపని నిలువు ముక్కగా అమ్మే ప్రయత్నం పక్కన పెట్టి ముద్దగా మార్చుకున్నారంటే, మీ వంటింట్లో అది నిలవలేదని మీరు దిగులు పడాల్సిన పనేముంది?

ఇక చౌక చేపలు మానేయాలా అని అడిగారు. మానేయొద్దు, కానీ ఎందుకు చౌకో కనుక్కోకుండా కొనొద్దు. చేప చౌకగా ఉండటానికి కారణాలు చాలా ఉంటాయి, వాటిలో కొన్ని మీకు లాభం. సార్డిన్, కానాగంత లాంటివి గుంపులు గుంపులుగా పడతాయి, త్వరగా పాడవుతాయి, అందుకే తాజాగా ఉన్నప్పుడే తక్కువకి ఇచ్చేస్తారు, రుచిలో, పోషకాల్లో అవి ఖరీదైన చేపలకి ఏమీ తీసిపోవు. కొవ్వున్న చేప కాబట్టి కాస్త ఎక్కువ వేడి తగిలినా ఎండిపోదు, కొత్తగా వండేవాళ్ళని కూడా కాపాడుతుంది. కొన్ని చేపలు ముళ్ళ వల్ల చౌక. కండలో దారాల్లా సన్నటి ముళ్ళుంటాయి, కానీ చర్మం మీంచి మూడు నాలుగు మిల్లీమీటర్లకొక గాటు చొప్పున అడ్డంగా పెట్టి బాగా వేయిస్తే ఆ ముళ్ళు తునిగి కరకరలాడిపోతాయి. కొన్ని చూడటానికి వికారంగా ఉన్నాయని, కొన్ని పేరు బాగాలేదని చౌక. పటగోనియన్ టూత్‌ఫిష్ అనే చేపని ఒకప్పుడు అడిగేవాళ్ళే లేరు. 1977లో ఒక అమెరికన్ వ్యాపారి దానికి చిలియన్ సీ బాస్ అని పేరు పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు, తర్వాత తర్వాత అదే పెద్ద పెద్ద రెస్టారెంట్లలో ఖరీదైన వంటకమైంది, చివరికి దాన్ని విచ్చలవిడిగా పట్టేస్తున్నారని ఆందోళన చెందే దాకా వచ్చింది. చేప అదే, కండ అదే. కాబట్టి ధర చూసి చిన్నచూపూ వద్దు, నమ్మకమూ వద్దు.

లాభం లేని చౌక కూడా ఉంటుంది: ఏళ్ళ తరబడి ఫ్రీజర్‌లో పడి ఉన్నది, కరిగి మళ్ళీ గడ్డకట్టినది, నీళ్ళు పట్టించి బరువు పెంచినది. పాకెట్ లోపల మూలల్లో మంచు తుంపరలా పేరుకుని ఉంటే, ముక్కల అంచులు తెల్లగా ఎండి బిరుసెక్కి ఉంటే, ముక్కలన్నీ ఒకే గడ్డగా అతుక్కుని వంకరపోయి ఉంటే, ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. మొత్తం చేప అయితే మొప్పలు ఎత్తి చూడటం, వేలితో నొక్కి గుంట తిరిగి లేస్తుందో లేదో చూడటం మీకు తెలిసే ఉంటుంది, దాని గురించి ఎక్కువ రాయను.

అమ్మే మనిషిని అడగాల్సినవాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా అనిపించే ప్రశ్న ఒకటుంది. తాజాదేనా అని అడిగితే ఎవరైనా తాజాదే అంటారు. దాని బదులు, దీన్ని కొనేవాళ్ళు ఎలా వండుకుంటారు అని అడగండి. వేయించుకుంటారనో, కూరకి పనికిరాదనో, ముద్ద చేసుకుంటారనో వెంటనే చెప్తే ఆ చేపని నిజంగా ఎవరో కొని తింటున్నట్టు, మీకు పద్ధతి కూడా దొరికినట్టు. నీళ్ళు నమిలితే ఒక్క పాకెట్ మాత్రమే కొనండి. సముద్రానిదా, చెరువుదా అనీ, దీనికి ఇంకో పేరేమైనా ఉందా అనీ కూడా అడగండి, ఒకే చేపకి చోటు చోటుకీ ఒక పేరుంటుంది, మీకు తెలిసిన పేరు కూడా వాటిలో ఉండొచ్చు. ఏ పేరూ చెప్పలేని చేప, ముఖ్యంగా మొత్తంగా అమ్ముతున్నది, కొనకండి. కొన్ని చేపల విషం వంటకి చావదు, పఫర్ ఫిష్ అనే బుడ్డ చేప అలాంటిదే.

ఒక చిన్న సంగతి, అడగకపోయినా రాస్తున్నాను. ఆ రోజు వచ్చిన వాళ్ళకి ఫోన్ చేసి క్షమాపణలు చెప్పే పని పెట్టుకోకండి, వాళ్ళని మళ్ళీ పిలవండి, మీకు చేయి తిరిగిన చేపే వండండి. కొత్త చేప ఏదైనా ముందు ఇంట్లోవాళ్ళకే వండండి, పక్కన ఇంకో కూర కూడా ఉండేలా చూసుకుని, అప్పుడు చేప ఎలా వచ్చినా ఎవరూ ఆకలితో లేవరు, మీకూ టెన్షన్ ఉండదు.

రెండో పాకెట్‌లోంచి ఆ చిన్న ముక్క వేయించాక మళ్ళీ రాయండి. వేళ్ళ మధ్య రేకులుగా విడివడిందా, రాలిందా, పూసుకుందా, వాసన నీచుదా, మట్టిదా, నూనెదా, పళ్ళెంలో ఎన్ని నీళ్ళు చేరాయి, పాకెట్ వెనక ఏ పేరుంది, చేప కాకుండా ఇంకేం రాసి ఉంది, ఇవన్నీ రాస్తే అది ఏ చేపో, మిగతా ముక్కలు ఎలా వండాలో ఇంకా కచ్చితంగా చెప్పగలుగుతాను.